ప్రోస్టేట్ బయాప్సీ: ముందూ వెనకా

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1985 టెన్త్ బ్యాచ్. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరుని. ముప్ఫై ఏళ్ళు దాటింది, కాంక్రీటుతోనే నా కాపురం. ఆరోగ్య సదస్సులో ఇంజనీరుకేం పని అని మీకు అనిపించవచ్చు. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్ళు గుండె గురించి, షుగరు గురించి చెబుతున్నారు. పేషెంటు వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడితే బాగుంటుందని నిర్వాహకులు అన్నారు. నేను ప్రోస్టేట్ బయాప్సీ చేయించుకున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హతతోనే ఈ మైకు పట్టుకున్నాను. నేను చెప్పేది వైద్యం కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో, రిపోర్టు చేతికొచ్చినప్పుడు దాన్ని ఎలా చదవాలో మాత్రమే చెబుతాను.

చిన్నప్పుడు క్లాసులో చిటికెన వేలు చూపించి బయటికి వెళ్ళడానికి పర్మిషన్ అడిగేవాళ్ళం. మాస్టారు ఒకసారి ఒప్పుకుని రెండోసారి కూర్చోమనేవారు. ఇప్పుడు రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాం, అడిగేవాళ్ళు లేరు. మీరు నవ్వుతున్నారు కానీ, ఇందాక టిఫిన్ల దగ్గర మోకాళ్ళ గురించి గంటసేపు మాట్లాడుకున్న మనం దీని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మగవాళ్ళకి ఇది చెప్పుకోలేని చోటు.

చెప్పుకోకపోతే ఏమవుతుందో మా బ్యాచ్‌కి తెలుసు. మాతో చదివిన ఒకతను రెండేళ్ళ క్రితం పోయాడు. పేరు చెప్పను. నడుం నొప్పి అన్నాడు, డిస్కు అనుకున్నారు. చివరికి తేలింది ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని. పోయిన తర్వాత అతని భార్య బీరువా సర్దుతుంటే ఒక ఫైలు దొరికింది. అంతకు నాలుగేళ్ళ ముందటి రక్తపరీక్ష, దాని మీద బయాప్సీ చేయించుకోమని డాక్టరు రాసిన చీటీ. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఇది సభలో చెప్పమని ఆవిడే అన్నారు, అందుకే చెబుతున్నాను.

ప్రోస్టేట్ అనేది మగవాళ్ళకి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ కాలరు లాగా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అక్రోటు కాయంత, ఇరవై పాతిక గ్రాములు. యాభై దాటాక చాలామందికి పెరుగుతుంది. ఆ పెరుగుదల చాలావరకు క్యాన్సర్ కాదు, వయసుతో వచ్చే వాపు. మూత్రం సన్నగా రావడం, రాత్రిళ్ళు లేవాల్సి రావడం దాని లక్షణాలే. క్యాన్సర్ మొదటి దశలో అసలు లక్షణమే ఉండకపోవచ్చు. ఇబ్బంది ఉన్నవాళ్ళందరికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, ఇబ్బంది లేనంత మాత్రాన క్యాన్సర్ లేదనీ కాదు.

ఇక పీఎస్ఏ. ఇప్పుడు హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మగవాళ్ళకి ఇది కలిపేస్తున్నారు. ఆ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీను రక్తంలో ఎంత ఉందో కొలుస్తారు. 4 దాటితే ల్యాబువాళ్ళు లావు అక్షరాల్లో అచ్చువేస్తారు, మన గుండె జారుతుంది. 4కీ 10కీ మధ్య ఉన్నవాళ్ళకి బయాప్సీ చేస్తే దాదాపు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ బయటపడుతుంది. అంటే ముగ్గురికి కనబడదు. మరోవైపు, 4 లోపు ఉన్నవాళ్ళకి కూడా బయాప్సీ చేసి చూస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కణాలు కనిపించాయని 2004లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. కాబట్టి 4 అనేది గోడ కాదు, గుర్తు మాత్రమే.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా పీఎస్ఏ పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజుల్లో వీర్యస్ఖలనం జరిగినా, ఎక్కువసేపు సైకిలు తొక్కినా కొంత పెరగవచ్చు. ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ అనే మందులు చాలామంది వాడుతున్నారు. ఆరు నెలలు వాడితే అవి పీఎస్ఏని సుమారు సగానికి తగ్గిస్తాయి. కాగితం మీద 3 కనిపిస్తే అసలు లెక్క 6 కావచ్చు. ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఒక్క రిపోర్టు చూసి బయాప్సీకి పరిగెత్తనూ అక్కర్లేదు, దాన్ని బీరువాలో పెట్టేయనూ కూడదు. కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. నాకు మొదట 7.1 వచ్చింది. ఆరు వారాల తర్వాత 6.8.

ఇక్కడ నా వృత్తి నాకు పనికొచ్చింది. ఒక స్లాబు కాంక్రీటు మీద అనుమానం వచ్చిందనుకోండి. మేం వెంటనే డ్రిల్లు పెట్టం. ముందు రీబౌండ్ హ్యామర్‌తో పైపైన కొట్టి చూస్తాం. తర్వాత అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి లోపల ఎక్కడ తేడా ఉందో వెతుకుతాం. అప్పటికీ అనుమానం తీరకపోతేనే కోర్ కట్ చేసి ల్యాబుకి పంపుతాం. ప్రోస్టేట్ విషయంలోనూ అదే వరస. పీఎస్ఏ, డాక్టరు వేలితో చేసే పరీక్ష మొదటి మెట్టు. ఎంఆర్ఐ రెండోది. బయాప్సీ మూడోది. విచిత్రం ఏమిటంటే, బయాప్సీలో తీసే ముక్కని వాళ్ళు కూడా కోర్ అనే అంటారు.

బయాప్సీకి ముందు ఎంఆర్ఐ తీయడం ఇప్పుడు మంచి పద్ధతిగా స్థిరపడింది. అనుమానాన్ని 1 నుంచి 5 దాకా పైరాడ్స్ అనే అంకెతో చెబుతారు. 1, 2 అయితే అనుమానం తక్కువ, 4, 5 అయితే ఎక్కువ. 2018లో వెలువడిన ప్రెసిషన్ అనే అధ్యయనంలో 500 మందిని రెండు గుంపులు చేశారు. ఎంఆర్ఐ ముందు తీసిన గుంపులో 28 శాతం మందికి బయాప్సీ అవసరమే పడలేదు. పైగా పట్టించుకోవాల్సిన క్యాన్సర్లు ఆ గుంపులోనే ఎక్కువ దొరికాయి, పట్టించుకోనక్కర్లేనివి తక్కువ దొరికాయి. అందుకని డాక్టరు నేరుగా బయాప్సీ అంటే, "ముందు ఎంఆర్ఐ తీయిస్తే ఉపయోగం ఉంటుందా సార్?" అని అడగడంలో తప్పు లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి.

మరో చిన్న లెక్క. పీఎస్ఏని గ్రంథి పరిమాణంతో భాగించండి. పెద్ద గ్రంథి ఎక్కువ పీఎస్ఏ తయారుచేయడం సహజం. 60 సీసీ గ్రంథికి 6 ఉంటే భాగఫలం 0.10. నా గ్రంథి 40 సీసీ, పీఎస్ఏ 6.8, అంటే 0.17. భాగఫలం 0.15 దాటితే డాక్టర్లు కొంచెం జాగ్రత్తగా చూస్తారు. పైగా నా ఎంఆర్ఐలో ఒక మచ్చకి పైరాడ్స్ 4 ఇచ్చారు. నాన్నకో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. అదీ ఈ లెక్కలో చేరుతుంది.

బయాప్సీకి తేదీ ఖాయమయ్యాక ఇంట్లో సభ జరిగింది. మా పెద్ద బావగారు, "వద్దు బావా, సూది తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందట" అన్నారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. మా డాక్టరుగారిని అడిగాను. ప్రోస్టేట్‌లో సూది దారి వెంట క్యాన్సర్ పాకడం అత్యంత అరుదని, ఆ భయంతో పరీక్ష మానుకుంటే వచ్చే నష్టమే ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పారు. మరి పాకుతుందనే మాట ఎలా పుట్టిందంటే, ముదిరిన తర్వాత ముక్క తీయించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకి పోతారు. చుట్టాలకి సూది గుర్తుంటుంది, అంతకు ముందు గడిచిపోయిన నాలుగేళ్ళు గుర్తుండవు.

ఇక తయారీ. మనలో స్టెంట్లు వేయించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే దాచకండి, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. ఏది ఆపాలో, ఎన్ని రోజులు ఆపాలో యూరాలజిస్టు, గుండె డాక్టరు ఇద్దరూ కలిసి చెప్పాలి. స్టెంటు కొత్తగా వేసి ఉంటే మందు ఆపడమే బయాప్సీ కన్నా ప్రమాదం కావచ్చు. షుగరు ఉంటే అదుపులోకి తెచ్చుకోండి, ఇన్ఫెక్షన్ భయం వాళ్ళకి ఎక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో ముందే పరీక్ష చేయిస్తారు. గత కొన్ని నెలల్లో యాంటీబయాటిక్స్ వాడారా, ఆసుపత్రిలో ఉన్నారా, ఏ మందు పడదు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మన దేశంలో మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు వల్ల, కొన్ని సూక్ష్మజీవులు ఆ మందులకి లొంగడం లేదు. అందుకే ఈ ప్రశ్న ముఖ్యం.

ముక్క తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి మలద్వారం గుండా. రెండోది వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మం గుండా. మొదటిది ఎక్కువ చోట్ల దొరుకుతుంది. అయితే సూది మలం ఉండే చోటు నుంచి లోపలికి వెళుతుంది కాబట్టి ఇన్ఫెక్షన్ జాగ్రత్తలు ఎక్కువ కావాలి. రెండో దాంట్లో చర్మాన్ని శుభ్రం చేసి సూది పెడతారు, ఆ భయం తక్కువ. మీ డాక్టరు ఏది చేస్తారో, ఎందుకో అడగండి. నాకు రెండోది చేశారు.

నొప్పి సంగతి అందరూ అడుగుతారు. చాలాచోట్ల ఆ భాగానికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కొన్నిచోట్ల పూర్తి మత్తు ఇస్తారు, అప్పుడు పరగడుపున వెళ్ళాలి. లోపలికి పెట్టే అల్ట్రాసౌండ్ గొట్టం బొటనవేలంత లావు. అది పెట్టినప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. మత్తు సూది కాసేపు చురుక్కుమంటుంది. తర్వాత ముక్క తీసిన ప్రతిసారీ స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడు. ఆ చప్పుడుకే ఉలిక్కిపడతాం. ముందే ఒకసారి వినిపించమని అడగండి, సగం భయం పోతుంది. అంతా కలిపి అరగంట లోపే. సిగ్గు మాత్రం మొదటి రెండు నిమిషాలే.

మామూలుగా 10 నుంచి 12 ముక్కలు తీస్తారు, ఎంఆర్ఐలో మచ్చ ఉంటే అక్కడ మరో రెండు మూడు. నాకు 12, మచ్చ నుంచి 3. ఒక్కో ముక్క సేమ్యా పోగంత సన్నం, సెంటీమీటరున్నర పొడవు. ఇక్కడ ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేశాను. పన్నెండు ముక్కలూ కలిపినా 40 సీసీ గ్రంథిలో నూటికి అర వంతు కూడా కాదు. మిగతా 99 వంతుల పైచిలుకు గురించి మనం చేసేది అంచనా. అందుకే బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా పీఎస్ఏ చూసుకోవడం మానకూడదు. పీఎస్ఏ పెరుగుతూ పోతే మళ్ళీ ఎంఆర్ఐ, అవసరమైతే మళ్ళీ బయాప్సీ. ఏ ముక్క ఏ చోటుదో సీసాల మీద విడివిడిగా రాస్తారా అని కూడా అడగండి. ఏ స్తంభంలో కోసిందో రాయని కోర్ మాకు దేనికీ పనికిరాదు.

ఇంటికొచ్చాక ఏమవుతుందో ముందే తెలిసుంటే కంగారుండదు. మూత్రంలో కొన్ని రోజులు రక్తం కనిపించవచ్చు. మలద్వారం గుండా చేసినవాళ్ళకి మలంలో కూడా. వీర్యంలో రక్తం నాలుగైదు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం కనిపిస్తుంది. ముందు ఎర్రగా, తర్వాత గోధుమ రంగుగా. దీని గురించి భార్యాభర్తలిద్దరికీ ముందే తెలియాలి. మా ఆవిడ డాక్టరుగారి గదిలో నా పక్కనే కూర్చుని విన్నది కాబట్టి మా ఇంట్లో ఆ కంగారు రాలేదు. కొందరికి కొన్ని వారాలపాటు అంగస్తంభనలో ఇబ్బంది ఉండవచ్చు, సాధారణంగా అది తగ్గిపోతుంది. నీళ్ళు బాగా తాగాలి. కొన్ని రోజులు బరువులెత్తడం, బైకు మీద గతుకుల రోడ్డు ప్రయాణం వద్దు.

దయచేసి ఈ ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. బయాప్సీ తర్వాత చలితో వణుకు వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళాలి, అర్ధరాత్రయినా సరే. పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళితే ప్రాణం మీదకి వస్తుంది, సకాలంలో వెళితే నయమవుతుంది. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, గడ్డలు గడ్డలుగా రక్తం పడుతున్నా అంతే. రాత్రివేళ ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే రాయించుకోండి.

వారం పది రోజులకి రిపోర్టు వస్తుంది. అందులో గ్లీసన్ స్కోరు అని ఉంటుంది. డోనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ డాక్టరు 1960లలో రూపొందించిన పద్ధతి ఇది. మైక్రోస్కోపు కింద కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి అంకె ఇస్తారు. ఎక్కువగా కనిపించే అమరికది ఒక అంకె, తర్వాతి దానిది ఇంకో అంకె, రెండూ కూడితే స్కోరు. పదికి ఆరు అని చూసి చాలామంది క్యాన్సర్ సగం పైగా ముదిరిందనుకుంటారు. ఇవి మన బడి మార్కులు కావు. ఇప్పటి పద్ధతిలో బయాప్సీ లెక్క ఆరుతోనే మొదలవుతుంది. అంటే ఆరే అన్నిటికన్నా చిన్నది. ఈ గందరగోళం పోగొట్టడానికే ఇప్పుడు 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూపులు కూడా రాస్తున్నారు. ఆరు అంటే గ్రూపు 1.

ఇంకో సంగతి. కూడికలో వరస మారినా మొత్తం మారదని మన లెక్కల మాస్టారు నేర్పారు. ఇక్కడ మాత్రం మారుతుంది. 3+4 కూడా 7, 4+3 కూడా 7. కానీ మొదటిది గ్రూపు 2, రెండోది గ్రూపు 3. మొదటి అంకె ఎక్కువ భాగాన్ని సూచిస్తుంది కాబట్టి 4 ముందుంటే కొంచెం ఉధృతమైనదని అర్థం. "మీ స్కోరు ఏడు" అని ఊరుకుంటే, ఏ ఏడు అని అడగండి. ఎన్ని ముక్కల్లో ఉంది, ఒక్కో ముక్కలో ఎంత శాతం ఉంది అనేవి కూడా చూడాలి. అనుమానముంటే అవే స్లైడ్లు, బ్లాకులు తీసుకెళ్ళి ఇంకో పాథాలజిస్టుకి చూపించుకోవచ్చు. డాక్టర్లు దానికి నొచ్చుకోరు.

నా రిపోర్టు చెబుతాను. 15 ముక్కల్లో రెండింటిలో క్యాన్సర్ ఉంది. 3+3, గ్రూపు 1. ఆ మాట వినగానే ఇంట్లో మళ్ళీ సభ. "ఆపరేషన్ చేయించి తీసేయించుకో అన్నయ్యా, పీడ విరగడైపోతుంది" అని తమ్ముడు. డాక్టరుగారు మాత్రం ఇప్పటికి ఆపరేషనూ వద్దు, రేడియేషనూ వద్దు, జాగ్రత్తగా గమనిస్తూ ఉందాం అన్నారు. వైద్యం చేయకుండా ఊరుకోవడం కాదది. కొన్ని నెలలకొకసారి పీఎస్ఏ, మధ్యలో ఎంఆర్ఐ, ఏడాదికి మళ్ళీ బయాప్సీ. ముదిరే సూచన కనిపిస్తే అప్పుడు వైద్యం. ఆపరేషన్‌కి తన ఖరీదు తనకుంటుంది. కొందరికి మూత్రం అదుపు తప్పుతుంది, చాలామందికి దాంపత్య జీవితం దెబ్బతింటుంది. అవసరమైనప్పుడు ఆ ఖరీదు చెల్లించాల్సిందే, అవసరం లేనప్పుడు ఎందుకు?

బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అనే అధ్యయనంలో గ్రంథి దాటి పాకని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్, మూడో గుంపుని గమనిస్తూ వచ్చారు. 15 ఏళ్ళ తర్వాత 2023లో ఫలితాలు ప్రకటించారు. ఏ గుంపులో చూసినా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు వందకి ముగ్గురు, అటూ ఇటూగా. గమనిస్తూ వచ్చిన గుంపులో వ్యాధి పాకినవాళ్ళు మిగతా రెండిటికన్నా ఎక్కువే. ఆ గుంపులోనూ సగానికి పైగా మంది తర్వాత ఎప్పుడో వైద్యం చేయించుకున్నారు. అందుకే గమనించడం అంటే నిజంగా గమనించాలి, తేదీలు తప్పకూడదు. ఇది నాలాంటి తొలిదశ వాళ్ళ సంగతి. గ్రూపు 4, 5 వచ్చినవాళ్ళకి నా దారి వర్తించదు, వాళ్ళకి ఆలస్యం పనికిరాదు. ఏది ఎవరిదో తేల్చేది ఆ ముక్కలే. మా స్నేహితుడికి బీరువాలో ఆగిపోయింది ఆ తేల్చుకునే అవకాశమే.

ఎనభై దాటిన మన గురువులకి ఒక మనవి. ఆ వయసులో పీఎస్ఏ కొంచెం పెరిగిందని అందరూ బయాప్సీకి వెళ్ళనక్కర్లేదు. "ఈ ఫలితం వల్ల నాకు చేసే వైద్యం మారుతుందా?" అని ముందు అడగండి. మారదంటే, ఆ సూది తప్పించుకోవచ్చు. నిజానికి ఆ ప్రశ్న ఏ వయసువాళ్ళయినా అడగదగ్గదే.

ఖర్చుకి వెనుకాడేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో కూడా విచారించవచ్చు.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీకు సంబంధించని విషయమని లేచి వెళ్ళలేదు, సంతోషం. ఇంటికెళ్ళాక మీవారి ఫైళ్ళు ఒకసారి తీసి చూడండి. తమ్ముళ్ళూ, మన బ్యాచ్ గ్రూపుల్లో రోజూ గుడ్ మార్నింగులు పంపుకుంటున్నాం. ఎవరికైనా బయాప్సీ రాశారంటే అక్కడ చెప్పలేకపోతే నాకు విడిగా ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరికి తోడు కావాలంటే వస్తాను. నా తర్వాతి బయాప్సీ వచ్చే ఫిబ్రవరిలో. దాని రిపోర్టు కూడా అడిగినవాళ్ళకి చెబుతాను.